ఎనిమిదో వంతు యుద్ధం

మా చెల్లెలింట్లో ఆ వారమంతా పెళ్ళిసంబంధాలు చూస్తున్నంత హడావుడి. భోజనాల బల్ల నిండా ఫొటోలూ, కొలతల కాగితాలూ, ధరల పట్టికలూ. పొడుగెంత, బరువెంత, వంశమేమిటి, గుణమెలాంటిది, చివరికి మనకెంతలో పడుతుంది అని ఒకటే చర్చ. తీరా చూస్తే పెళ్ళి ఎవరికీ కాదు. చెల్లెలి కొడుకు, పధ్నాలుగేళ్ళ కుర్రవెధవ, విమానం కట్టుకుంటాట్ట. ఏ విమానమన్నదే సమస్య.

విమానమంటే కొట్లో కొని ఎగరేసే బొమ్మ కాదు. పెట్టెలో చెక్క ముక్కలూ, పెద్ద ప్లాను కాగితమూ వస్తాయి. వాటిని ఒక్కొక్కటే గరుకు కాగితంతో నునుపు చేసి, జిగురుతో అతికించి, పైన పల్చటి తొడుగు వేసి, రంగులద్ది, లోపల చిన్న మోటార్లూ బ్యాటరీ అమర్చి, ఆ తరవాత చేతిలో రేడియో పెట్టె పట్టుకుని మైదానంలో ఎగరేసుకోవాలి. సిద్ధంగా కట్టి ఉన్నవీ దొరుకుతాయి. సాయంత్రానికి రెక్కలు బిగించి ఎగరేసుకోవచ్చు. కానీ వాడికవి వద్దుట. "పెద్దమ్మా, నువ్వు సాంబారు పొడి ఇంట్లోనే ఎందుకు కొడతావు?" అన్నాడు. నా నోరు మూయించడానికి వాడికి ఆ ఒక్క ముక్క చాలింది.

అదీ మామూలు విమానం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరిన యుద్ధవిమానానికి అచ్చుగుద్దినట్టు నకలు. అసలుదాంట్లో ఎనిమిదో వంతు. ఫొటోలు మూడు మిగిలాయి: ఇంగ్లీషువాళ్ళ స్పిట్‌ఫైర్, జర్మనీవాళ్ళ స్టూకా, జపానువాళ్ళ జీరో.

చెల్లెలు వాళ్ళుండేది ఇంగ్లండులో, సౌతాంప్టన్‌లో. నెల్లాళ్ళు విశ్రాంతిగా ఉందామని వెళ్ళిన నన్ను వాడు మధ్యవర్తిని చేశాడు. చరిత్ర చదువుకున్నావు కదా, నువ్వే చెప్పమన్నాడు. బి.ఏ. చదివిన పాపానికి ఇలాంటి శిక్ష ఉంటుందని నేననుకోలేదు.

"ఒరే, చంపడానికి చేసిన వస్తువును ముద్దుగా చేసుకోవడమేమిట్రా? ప్రయాణీకుల విమానం కట్టుకోరాదూ?" అన్నాను.

వాడు తడుముకోలేదు. "దసరాకి అమ్మ ఇంట్లో కత్తిపీటకి కూడా బొట్టు పెడుతుంది. రాముడి బొమ్మ చేతిలో విల్లు తీసేస్తే మీరు ఊరుకుంటారా?"

నిజమే. మన దేవుళ్ళందరి చేతుల్లోనూ ఏదో ఒక ఆయుధం ఉంది. ఆయుధం అందంగా ఉండకూడదని మనం ఎప్పుడూ అనుకోలేదు. కానీ అదే దసరానాడు మనం చెప్పుకునే ఇంకో కథ ఉంది. అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టెక్కించారు. ఎవరూ దగ్గరికి రాకుండా శవమని నమ్మించారు. అది ఉపాయమే కావచ్చు. కానీ ఆ కథ చెప్పినవాళ్ళకి ఆయుధానికి సరైన పోలిక ఏమిటో తెలుసు. బొట్టు పెట్టడం ఒకటే మనకి గుర్తుంది. ఆ మూట సంగతి మరిచిపోయాం.

ఈ మాట వాడితో అన్లేదు. మనసులోనే ఉంచుకుని, "సరే, సంబంధాలు చూద్దాం పద" అన్నాను.

ఆదివారం వాళ్ళ క్లబ్బుకి తీసుకువెళ్ళాడు. ఊరి బయట గడ్డి మైదానం. ఓ పదిమంది పెద్దవాళ్ళు, చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు, మడత కుర్చీలేసుకుని ఫ్లాస్కుల్లో టీ తాగుతున్నారు. వాళ్ళలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు మా వాడికి గురువు. ఆయన ముందు మా వాణ్ణి చివాట్లేశాడు. ఎవరైనా రెక్క పైనుండే నిదానమైన విమానంతో నేర్చుకుని, ఆ తరవాతే యుద్ధవిమానం జోలికి రావాలిట. రెండేళ్ళు అలా నేర్చుకున్నాడని మా మరిది సాక్ష్యం చెప్పాక శాంతించాడు.

ఆయన చెప్పిన ఒక సంగతి నాలో ఉండిపోయింది. బొమ్మను ఎంతైనా కుదించవచ్చు, గాలిని కుదించలేం అన్నాడాయన. కొలతలన్నీ ఎనిమిదో వంతు చేసినా అది ఎగరాల్సిన గాలి మాత్రం నిండు గాలే. అంచేత అసలు విమానం ఎగిరినంత సులువుగా దాని నకలు ఎగరదు. కొందరు తోక భాగాన్ని కాస్త పెంచి కడతారు. పెంచితే అబద్ధం, పెంచకపోతే అదుపు తప్పుతుందేమోనని భయం. ఈ వృత్తిలో ఉన్న ధర్మసంకటమంతా అదేనన్నాడు.

మరి ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగాను. ఆయన గుణాలు మాత్రమే చెప్పాడు. స్పిట్‌ఫైర్ చూడ్డానికి చక్కన. కానీ చక్రాలు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల నేల మీదికి దిగేప్పుడు ఒరిగిపోతుంది. జీరోకి చక్రాలు ఎడంగా ఉంటాయి, రెక్క విశాలం, దిగేప్పుడు నెమ్మది. శత్రువు విమానమే సాధువన్నమాట! మా వాడి మొహం వెలిగిపోయింది. వాడి మనసు ముందునించీ జీరో మీదే ఉందని అప్పుడు నాకర్థమైంది.

అయినా వంశాలు కనుక్కోకుండా ఒప్పుకుంటానా?

స్పిట్‌ఫైర్ పుట్టిల్లు ఆ ఊరే. 1936 మార్చి 5న ఊరి పక్క ఈస్ట్‌లీ మైదానం నుంచి మొదటిసారి ఎగిరింది. దాన్ని రూపొందించిన మిచెల్ అప్పటికే జబ్బుమనిషి. మరుసటేడు జూన్‌లో క్యాన్సరుతో పోయాడు. వయసు 42. తన విమానం యుద్ధంలో ఏం చేసిందో ఆయన చూడలేదు. 1940 సెప్టెంబరు 24, 26 తేదీల్లో జర్మన్లు ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశారు. వందమందికి పైగా పోయారు. అప్పుడు పనిని ఊరంతా చిన్న చిన్న చోట్లకి పంచారు: మోటారు గ్యారేజీలకి, బస్సు డిపోకి, చివరికి చాకలి లాండ్రీలకి కూడా. పెద్దాయన తల్లి అలాంటి లాండ్రీలోనే రెక్కలకి రివెట్లు కొట్టిందిట. దుప్పట్లు ఆరేసే చోట రెక్కలు ఆరేసినట్టుండేవని ఆవిడ చెప్పేదిట. దగ్గర్లోని హాంబుల్ నుంచి ఆడవాళ్ళే ఆ విమానాలను నడుపుకుంటూ పోయి దళాలకు అప్పజెప్పేవారు. 1940 జులైలో ప్రభుత్వం ఇంటింటి ఇల్లాళ్ళనీ మీ అల్యూమినియం గిన్నెలిచ్చెయ్యండి, విమానాలు చేస్తామని అడిగితే, వాళ్ళు అటకల మీదివీ పొయ్యి మీదివీ తెచ్చి వీధిలో కుప్ప పోశారు. పాత బట్టలిచ్చి గిన్నెలు కొనుక్కునే జాతి మనది. గిన్నెలిచ్చి విమానాలు కొనుక్కున్నారంటే వాళ్ళ భయం ఎంతదో అర్థమవుతుంది.

ఇంతలో మా వాడు ఇంకో సంగతి తవ్వి తీశాడు. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు. నిజాం ఇచ్చిన విరాళమే దానికి కారణం. దళం చిహ్నంలో నిజాం తలపాగా, కింద "నమ్మకమైన మిత్రుడు" అని ఇంగ్లీషులో నినాదం. 1940లో ఆ దళం స్పిట్‌ఫైర్లతో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి ఆ దక్షిణ తీరాన్నే కాపాడింది. "మన విమానం పెద్దమ్మా!" అని వాడు గంతులేశాడు. నాకూ ఒక్క క్షణం ఒళ్ళు పులకరించిన మాట దాచను.

ఆ తరవాత లెక్కలు గుర్తొచ్చాయి. నిజాం డబ్బంటే ఎవరి డబ్బు? రైతు కట్టిన శిస్తు. ఆ విమానం ఎవరి స్వాతంత్ర్యాన్ని కాపాడింది? ఇంగ్లండుది. 1942 ఆగస్టులో మన స్వాతంత్ర్యం అడిగినందుకు గాంధీగారినీ, ఆయన వెనక వేలమందినీ అదే ప్రభుత్వం జైల్లో పెట్టింది. హిట్లరుని ఆపడం మంచిపని కాదని ఎవరంటారు? ఆ మంచిపని చేసినవాళ్ళే ఈ పనీ చేశారు. మచ్చలేని సంబంధం దొరకదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

స్టూకా సంగతి త్వరగానే తేలిపోయింది. అది నిట్టనిలువుగా కిందికి దూకుతూ బాంబు వేసే విమానం. చాలావాటి కాళ్ళకి సైరన్లు బిగించేవారు. అవి గురి కుదర్చడానికి కాదు, ఎగరడానికీ కాదు. కింద ఉన్నవాళ్ళ గుండెలదరడానికి. ఇప్పుడు బొమ్మలకి కూడా ఆ కూత పెట్టుకునేవాళ్ళున్నారని మా మరిది అన్నాడు. చెల్లెలు వంటింట్లోంచే "నా ఇంట్లో కుదరదు" అంది. కానీ దాన్ని కాదన్నది వాడే. తోక మీద స్వస్తిక్ ఉంటుంది. "అది పెట్టకపోతే నకలు అబద్ధమవుతుంది. పెడితే నేను దాన్ని మోసుకుని మైదానంలోకి నడవలేను" అన్నాడు. మనకది గడప మీద పెట్టుకునే శుభచిహ్నం. ఆ దేశంలో తన తోటి పిల్లలకి అదేమిటో వాడికి తెలుసు. పధ్నాలుగేళ్ళవాడు నిజాయితీగా ఆలోచిస్తే ఎంత సూటిగా ఆలోచిస్తాడో చూసి ముచ్చటేసింది.

ఇక మిగిలింది జీరో. 1939 ఏప్రిల్ 1న మొదటిసారి ఎగిరింది. మర్నాటి ఏడు 1940, జపాను లెక్కలో 2600వ సంవత్సరం. చివరి సున్నాలోంచి వచ్చిందా పేరు. హోరికోషి జిరో అనే ఇంజనీరు దాన్ని తీగలాగా తేలిగ్గా తీర్చాడు. ఎంత దూరమైనా పోయేది, ఎలా కావాలంటే అలా తిరిగేది. ఫొటో చూసి నాకే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

అంత తేలికెలా అయిందని అడిగాను. పైలటు వెనక ఉక్కు పలక పెట్టలేదుట. గుండు తగిలితే తనంత తనే మూసుకుపోయే పెట్రోలు ట్యాంకు కూడా పెట్టలేదుట. తేలికంతా లోపలి మనిషి ప్రాణంలోంచి మిగుల్చుకున్నదే! 1944 అక్టోబరు వచ్చేసరికి అదే విమానానికి బాంబు కట్టి, కుర్రాళ్ళని కూర్చోబెట్టి, ఓడల మీదికి ఢీకొట్టించారు. అందానికి ఖరీదు ఎప్పుడూ ఎవరో చెల్లిస్తారు. అది కొనేవాడు మాత్రం కాదు.

ఇవన్నీ వాడికి తెలియవా? నాకంటే బాగా తెలుసు. నాకు వినిపించింది వాడే. అదే నన్ను కలవరపెట్టింది. ఎందుకంటే మనం చేతులతో చేసుకున్నదాన్ని ప్రేమిస్తాం. నాలుగు నెలలు రాత్రీ పగలూ రుద్ది, అతికి, రంగులేసిన వస్తువు మీద వాడికి కన్నతల్లి ప్రేమే పుడుతుంది. నా నవలల్లోని దుర్మార్గుల మీద నాకు పుట్టలేదూ! ప్రేమ పుట్టాక ప్రశ్నలు లేవవు. అంచేత అడగవలసినవన్నీ పెట్టె విప్పకముందే అడగాలి. పెళ్ళికైనా ఇంతేగదా!

ఆ రాత్రి చెల్లెలు మా అమ్మమ్మకి ఫోను చేసింది. ఆవిడకి తొంభై దాటాయి, విశాఖపట్నంలో మా మేనమామ దగ్గరుంటుంది. మా వాడు ఫోనులో మొహం పెట్టి, "తాతమ్మా, నేను జపాను విమానం కట్టనా?" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. వాడికి తెలియని సంగతి నాకు తెలుసు.

1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మర్నాడు సోమవారం, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా వేశాయి. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అమ్మమ్మ వాళ్ళు విశాఖ పాతవూళ్ళో ఉండేవారు. విజయనగరం వైపు బళ్ళు కట్టుకుని పోయారని చిన్నప్పుడు వందసార్లు విన్నాం.

అమ్మమ్మ కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, మేమెప్పుడూ వినని సంగతి చెప్పింది.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళురా నాన్నా. చప్పుడు వింటే పిల్లలమందరం డాబా ఎక్కేశాం. ఎండలో ఎంత బావున్నాయనుకున్నావు! రెక్కల కింద ఎర్రగా, ఇంతింత బొట్లు. కుంకం బొట్లనుకున్నాను. మనవేననుకున్నాం. చేతులూపాం. నేనే ముందు ఊపాను. ఆ తరవాతే రేవు వైపు చప్పుడు..."

ఫోనుకి రెండు వైపులా ఎవరం మాట్లాడలేదు. ఎనభై ఏళ్ళ పైన ఆవిడ బళ్ళు కట్టిన సంగతి చెప్పింది. చేతులూపిన సంగతి చెప్పలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల చేసిందానికి తొంభై ఏళ్ళ మనిషి సిగ్గుపడుతోంది.

మా వాడు చాలాసేపటికి గొంతు పెగల్చుకుని, "అవి జీరోలు కావు తాతమ్మా. ర్యూజో అనే ఓడ మీంచి వచ్చినవి. బాంబులు వేసే వేరే రకం" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఇప్పుడా వివరం! కానీ ఆలోచిస్తే, వాడి వైపు నుంచి అది ఓదార్పు. నువ్వు చేతులూపింది దీనికి కాదని చెప్పబోయాడు. వాడికి తెలిసిన నిజం రివెట్ల లెక్కతో సహా నిజమే. ఆవిడకి తెలిసిన నిజానికి ఏ రకమైతేనేం!

అమ్మమ్మ నవ్వింది. "ఏ రకమో నాకేం తెలుసురా. కట్టుకో. బావుంటుంది, కట్టుకో. కానీ నువ్వు ఎగరేస్తూంటే ఎవరైనా పిల్లలు చూసి చేతులూపితే, వాళ్ళకి చెప్పు."

"ఏం చెప్పను తాతమ్మా?"

"అదే. నాకు ఎవరూ చెప్పలేదు కదా, అది చెప్పు."

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను వాడికి ఇద్దామని మూడు రకాల తీర్పులు సిద్ధం చేసుకున్నాను. యుద్ధవిమానమే వద్దనడం ఒకటి. అలా అంటే వాడు దాని అందాన్ని దొంగచాటుగా ప్రేమిస్తాడు, కథ మాత్రం తెలుసుకోడు. గెలిచినవాళ్ళ విమానమే కట్టుకోమనడం రెండోది. అలా అంటే గెలిచినవాళ్ళు చేసిందంతా మంచిదని నేర్పినట్టవుతుంది. అన్ని విమానాలూ ఒకటే, నీ ఇష్టమనడం మూడోది. అది అన్నిటికంటే పెద్ద అబద్ధం. దాడి చేసిందీ, ఆపిందీ ఒకటెలా అవుతాయి? అమ్మమ్మ మాట ఈ మూడింట్లోనూ లేదు. అందాన్ని కాదనకు, దాని కింద నిలబడ్డవాళ్ళనీ మరవకు అందావిడ. బొట్టూ పెట్టు, జమ్మిచెట్టు మీది మూటనీ గుర్తుంచుకో అన్నట్టు.

నకలంటే ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. రెక్క పొడుగూ, రంగూ, రివెట్లూ అన్నీ సరిగ్గా ఎనిమిదో వంతు చేసి, అది చేసిన పని మాత్రం సున్నా చేస్తే ఆ కొలత తప్పు. బాంబుని కుదించవచ్చు, ఓడని కుదించవచ్చు. డాబా మీద చేతులూపిన పిల్ల భయాన్ని ఎనిమిదో వంతు చేయలేం. పెద్దాయన గాలిని గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది.

వాడు జీరోనే తెప్పించుకున్నాడు. నేనైతే దాన్ని ఎంచుకుని ఉండేదాన్ని కాదు. ఇప్పటికీ ఆ ఎర్ర బొట్టు తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. కానీ కట్టేది నేను కాదు. జవాబు చెప్పుకోవలసిందీ నేను కాదు.

నేను తిరిగొచ్చిన రెండు నెలలకి చెల్లెలు ఫోను చేసి గోడు వెళ్ళబోసుకుంది. ఇల్లంతా చెక్కపొడిట, తివాచీ మీద జిగురుట, భోజనాల బల్ల సంక్రాంతి దాకా ఖాళీ అవదుట. "వీడికి ఇంకో పిచ్చి పట్టిందక్కా. తెలుగులో తారీఖు ఎలా రాయాలో నేర్పమని ఒకటే గోల. రెక్క మీద తొడుగు వేసేముందు లోపల రాస్తాట్ట. అది ఎవరికీ కనపడదు కదరా అంటే, నాకు తెలుస్తుంది కదా అంటాడు."

నేర్పమన్నాను. కుర్రాడు తెలుగు రాస్తానంటే వద్దనే తల్లి ఎక్కడైనా ఉంటుందా!